రిపేరు షాపులో తయారైన ఇంజినీర్ జాన్ బ్రౌనింగ్

అమెరికాలో వేట అలవాటున్న పాత కుటుంబాల ఇళ్లలో ఒక రకం తుపాకీ తరచూ కనిపిస్తుంది. దాని వెనక భాగం ఒంపు లేకుండా నిటారుగా లేచి, ఎద్దు మూపురంలా ఉంటుంది. పేరు బ్రౌనింగ్ ఆటో-5. తాత కొన్నాడు, తండ్రి వాడాడు, ఆ తర్వాత ఇరవై ఏళ్లు బీరువాలో పడి ఉంది. ఇప్పుడు మనవడి చేతికి వచ్చింది. లైసెన్స్, కాగితాలు అన్నీ సరిచూసుకుని రేంజ్‌కి తీసుకెళ్తాడు. మొదటి తూటా చక్కగా పేలుతుంది. రెండోది లోపలికి రాదు. లేదంటే పేలిన తూటా ఖాళీ డొప్ప బయటికి పడకుండా మధ్యలో ఇరుక్కుంటుంది. ఇది సెమీ ఆటోమేటిక్ కదా, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే ఎక్కాలి కదా అని తల గోక్కుంటాడు. కాలం చెల్లింది, ఇక గోడకు తగిలించుకోవాల్సిందే అనుకుంటాడు.

చాలాసార్లు ఆ తుపాకీ పాడై ఉండదు. లోపల ఒక చిన్న ఉక్కు రింగ్ ఉండాల్సిన చోట ఉండదు, అంతే. ఆ రింగ్‌ని ఎక్కడ పెట్టాలన్న నిర్ణయాన్ని ఫ్యాక్టరీకి కాకుండా వాడేవాడికి వదిలేసిన మనిషి జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855 నుంచి 1926 వరకు బతికాడు. డిగ్రీ లేదు, డిప్లొమా లేదు. 128 అమెరికన్ పేటెంట్లు ఉన్నాయి. మెకానికల్ బ్రాంచ్ వాళ్లయినా, కంప్యూటర్స్ వాళ్లయినా ఈయన గురించి ఒకసారి చదవాలని నేనెందుకు అంటానంటే, తుపాకుల మీద మోజుతో కాదు. చేసిన పనికి ధర ఎలా కట్టించుకోవాలో తెలియక నలిగిపోయే వయసు మనది. ఆయన కెరీర్‌లో పెద్ద మలుపు సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే, ఈ తుపాకీ మీదే వచ్చింది.

తుక్కు కుప్పే మొదటి ల్యాబ్

యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ అప్పట్లో సరిహద్దు పల్లె లాంటిది. జాన్ తండ్రి జోనథన్ బ్రౌనింగ్ టెనసీలో పుట్టి, ఇల్లినాయ్‌లో తుపాకుల పని చేసి, మోర్మన్ మతంలో చేరి, ఆ సమూహంతో పాటు 1852లో పడమరకు వచ్చాడు. ముగ్గురు భార్యలు, ఇరవై ఇద్దరు పిల్లలు. ఇంత సంసారాన్ని నడిపింది ఒక రిపేరు షాపు. తుపాకులే కాదు, ఊళ్లో ఏది విరిగినా అక్కడికే వచ్చేది. పనికిరావని తేల్చిన ముక్కలన్నీ ఒక మూల కుప్పగా పడేవి. జాన్‌కి ఆట వస్తువులు అవే.

పదేళ్ల వయసులో ఆ కుప్పలోంచి ఒక పాత తుపాకీ గొట్టం ఏరి, చెక్క ముక్కకు తీగతో కట్టి, తన మొదటి తుపాకీ చేశాడని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. దానికి ట్రిగ్గర్ లేదు. జాన్ గురి పెడితే తమ్ముడు మ్యాట్ నిప్పు అంటించాలి. దాంతో పిట్టల్ని కొట్టి ఇంటికి తెచ్చారట. తండ్రికి అది పెద్ద విశేషంగా అనిపించలేదు. కొడుకు కూడా దాన్ని దాచుకోకుండా విప్పేశాడు. చదువు పదిహేనో ఏడు వరకే సాగింది. ఆ తర్వాత అంతా షాపే.

ఇక్కడ ఒక మాట. కొత్త వస్తువు తయారుచేసే చోట కూర్చున్నవాడికి ఆ వస్తువు ఎలా పనిచేయాలో తెలుస్తుంది. రిపేరు షాపులో కూర్చున్నవాడికి అది ఎలా చెడుతుందో తెలుస్తుంది. ఎక్కడ అరుగుతుంది, ఏ స్ప్రింగ్ ముందు చస్తుంది, రైతు ఏ స్క్రూని కత్తి మొనతో తిప్పి పాడుచేస్తాడు, ఎక్కడ మట్టి చేరుతుంది. ఇవాళ కంపెనీలు బగ్ రిపోర్టులంటూ డబ్బులు పోసి సేకరించే సమాచారం జాన్ బల్ల మీదికి రోజూ ఉచితంగా వచ్చి పడేది. ఆయన తర్వాతి డిజైన్లు బురదలో, మంచులో కూడా పనిచేశాయంటే వాటి మూలం ఆ బల్ల మీదే ఉందని నా అభిప్రాయం.

1878లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఒక్కో తూటా నింపి పేల్చే రైఫిల్‌ని సొంతంగా డిజైన్ చేశాడు. 1879 ఏప్రిల్‌లో పెళ్లి, జూన్‌లో తండ్రి మరణం, అక్టోబర్ 7న మొదటి పేటెంట్. ఒక్క ఏడాదిలో ఇన్ని. తండ్రి పోయాక ఇంటి బరువు మీదపడితే, తమ్ముళ్లతో కలిసి ఇరవై అయిదు అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవున్న షెడ్డు కట్టి ఆ రైఫిల్ తయారీ మొదలుపెట్టాడు. సుమారు ఆరొందలు చేశారు. డ్రాయింగ్‌లు వేసే అలవాటు ఆయనకు పెద్దగా లేదు. మనసులో బొమ్మ కట్టుకుని, రేకు మీద ఆకారం కత్తిరించుకుని, ఆ కొలతకి ఉక్కుని చెక్కేవాడు. మెషీన్ల మీద ఎడ్ అనే తమ్ముడి చేయి బాగా తిరిగింది. అన్న చెప్పిన ఆకారాన్ని అతను లోహంలోకి తెచ్చేవాడు. మ్యాట్ లెక్కలు, వ్యాపారం చూసుకునేవాడు.

పందొమ్మిదేళ్ల వించెస్టర్

ఆ రైఫిల్ ఒకటి తిరిగి తిరిగి వించెస్టర్ కంపెనీ వాళ్ల కంటపడింది. అప్పట్లో అమెరికాలో తుపాకుల పెద్ద పేరు వించెస్టరే. ఆ కంపెనీ పెద్ద టి.జి. బెనెట్ 1883లో రైలెక్కి ఆగ్డెన్ వచ్చి, హక్కులన్నీ 8,000 డాలర్లకు కొనుక్కున్నాడు. పల్లెటూరి షెడ్డుకి ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ఆ తర్వాత పందొమ్మిదేళ్లు ఇదే పద్ధతి నడిచింది. జాన్ డిజైన్ చేస్తాడు, తూర్పుకి తీసుకెళ్తాడు, వించెస్టర్ ఒకేసారి మొత్తం డబ్బు ఇచ్చి కొనేస్తుంది. 1886, 1892, 1894 మోడల్ రైఫిళ్లు, 1897 మోడల్ పంపు షాట్‌గన్ అన్నీ అలా వచ్చినవే. వాటి మీద పేరు మాత్రం వించెస్టర్‌ది.

లెక్క చూస్తే వించెస్టర్ ఆయన దగ్గర 44 డిజైన్లు కొన్నది. తయారుచేసింది పదో పన్నెండో. మిగతావి పోటీ కంపెనీలకు పోకుండా కొని బీరువాలో పెట్టుకున్నది. చిన్న స్టార్టప్‌ని కొని దాని యాప్‌ని మూసేసే పెద్ద కంపెనీల కథ కొత్తదేం కాదన్నమాట. జాన్‌కి డబ్బు వచ్చింది, నిజమే. కానీ ఏ తుపాకీ ఎన్ని లక్షలు అమ్ముడైనా ఆయనకు వచ్చేది మొదట ఇచ్చిన మొత్తమే.

ఈలోపు ఆయన మనసు మరో చోట పడింది. తుపాకీ పేలినప్పుడు బోలెడు శక్తి వృథాగా పోతోంది. కొంత వెనక్కి తన్నడంలో, కొంత గొట్టం చివర పొగగా. 1889 ప్రాంతంలో, పేలిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న గడ్డి వంగిపోవడం చూసి, ఆ వాయువుతోనే తుపాకీని మళ్లీ లోడ్ చేయించొచ్చని ప్రయోగాలు మొదలుపెట్టాడు. అవి కోల్ట్ కంపెనీ 1895 మెషిన్‌గన్‌గా తేలాయి. అటు పిస్టళ్లలోకీ వెళ్లాడు. 1897లో బెల్జియం కంపెనీ ఎఫ్‌ఎన్ ఆయన పిస్టల్ ఒకదాన్ని తీసుకుంది. ఆ పరిచయం తర్వాత ఆయన్ని నిలబెట్టింది.

పిట్ట తూటా, బాతు తూటా

1898లో షాట్‌గన్ మీద కూర్చున్నాడు. రైఫిల్, పిస్టల్ అయితే ఒక పద్ధతి. వాటి తూటా ఒకే కొలత, ఇంచుమించు ఒకే బలం. షాట్‌గన్ తూటాలు అలా కాదు. చిన్న పిట్టలకు తక్కువ మందు, తక్కువ రవ్వలు ఉన్న తేలిక తూటా. నీటి బాతులకు బలమైన బరువు తూటా. ఆ కాలంలో డొప్పలు కాగితంతో చేసేవారు, చెమ్మకి ఉబ్బేవి. నల్లమందు, పొగలేని మందు రెండూ వాడకంలో ఉన్నాయి.

వెనక్కి తన్నే బలంతోనే తుపాకీ పనిచేయాలి, కానీ ఆ బలం తూటా తూటాకీ మారిపోతుంది. బరువు తూటాకి సరిపోయేలా గట్టి స్ప్రింగ్ పెడితే తేలిక తూటా దాన్ని నొక్కలేదు, డొప్ప ఇరుక్కుంటుంది. తేలిక తూటాకి సరిపెడితే బరువు తూటా లోపలి భాగాల్ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది, కొన్నాళ్లకు చెక్క పగులుతుంది. ఇదీ సమస్య. అంతకుముందు దీన్ని పరిష్కరించి మార్కెట్లో నిలబడిన షాట్‌గన్ లేదు.

ఆయన పరిష్కారంలో రెండు మెట్లున్నాయి. మొదటిది, గొట్టాన్నే కదిలించడం. ట్రిగ్గర్ నొక్కగానే గొట్టం, దాన్ని మూసి ఉంచే బోల్ట్ రెండూ ఒకదానికొకటి తాళం పడి ఉండి, కలిసి తూటా పొడవుకి మించి వెనక్కి వస్తాయి. అక్కడ తాళం విడిపోతుంది. బోల్ట్ వెనకే ఆగుతుంది, గొట్టం ఒక్కటే ముందుకు వెళ్తుంది, ఖాళీ డొప్ప పక్కకి ఎగురుతుంది. కింద నుంచి కొత్త తూటా లేచాక బోల్ట్ ముందుకొచ్చి దాన్ని లోపలికి తోస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు. గొట్టాన్ని మళ్లీ ముందుకు నెట్టే పెద్ద స్ప్రింగ్, కింద తూటాలు నిలవుండే ట్యూబ్ చుట్టూ ఉంటుంది. బోల్ట్‌ని నెట్టే ఇంకో స్ప్రింగ్ వెనక చెక్క బట్ లోపల దాగి ఉంటుంది.

రెండో మెట్టు బ్రేకు. సైకిల్ బ్రేకు రిమ్‌ని పట్టుకున్నట్టు, ఇక్కడ చీలిక ఉన్న ఒక కంచు రింగ్ ట్యూబ్‌ని పట్టుకుంటుంది. గొట్టం కింద వేలాడే రింగ్ లోపలి అంచు వాలుగా ఉంటుంది. వెనక్కి వస్తూ ఆ వాలు కంచు రింగ్‌ని నొక్కుతుంది, అది ట్యూబ్ మీద బిగుసుకుంటుంది. ఎంత గట్టిగా తన్నితే అంత గట్టిగా పట్టు. దీనికి తోడు వాలు అంచున్న ఉక్కు రింగ్ ఒకటి ఉంది. దాన్ని కంచు రింగ్‌కి అవతలి వైపు పెడితే రెండు వైపుల నుంచీ నొక్కుడు పడి బ్రేకు ఇంకా బలంగా పనిచేస్తుంది. అది బరువు తూటాల అమరిక. తేలిక తూటాలు వాడేటప్పుడు అదే ఉక్కు రింగ్‌ని తీసి స్ప్రింగ్‌కి అడుగున, తుపాకీ ఒంటికి ఆనుకుని పెట్టాలి. అక్కడ అది బ్రేకు పని చేయదు, ఊరికే కూర్చుంటుంది. విడి పనిముట్లు అక్కర్లేదు. ముందు మూత తిప్పి, కింది చెక్క లాగి, గొట్టం తీస్తే చాలు. సెట్టింగ్ మార్చే స్విచ్ లేదు, రింగ్ స్థానమే స్విచ్.

ఈ డిజైన్‌ని ఆయన తన పనుల్లోకెల్లా మేలైనదిగా భావించాడు. అందుకే దీని దగ్గర తగ్గలేదు.

ఈసారి రాయల్టీ

1899లో నమూనాని వించెస్టర్‌కి చూపించాడు. పేటెంట్ కాగితాలు సిద్ధం చేయడంలో వించెస్టర్ మనుషులే సాయం చేశారు, 1900 అక్టోబర్ 9న పేటెంట్ వచ్చింది. తయారీ మాత్రం మొదలవలేదు. బెనెట్ వైపు నుంచి ఆలోచిస్తే భయం అర్థమవుతుంది. ఇది హిట్టయితే తన సొంత పంపు షాట్‌గన్ అమ్మకాలు పడిపోతాయి. ఫట్టయితే కంపెనీ పేరు పోతుంది. వద్దంటే వేరేవాళ్లు తీసుకుంటారు. ఇలాంటి స్థితిలో పెద్ద కంపెనీలు చేసే పనే చేశాడు, నాన్చాడు. రెండేళ్లు దాటిపోయాయి.

1902లో జాన్ న్యూ హేవెన్ వెళ్లి తన షరతు చెప్పాడు. ఈసారి ఒకేసారి డబ్బు కాదు, అమ్మిన ప్రతి తుపాకీ మీదా రాయల్టీ కావాలి. వించెస్టర్‌లో అలాంటి ఆనవాయితీ లేదు. బెనెట్ ఒప్పుకోలేదు. పందొమ్మిదేళ్ల సంబంధం ఆ గదిలోనే తెగిపోయింది. ఒక్క డిజైన్ మీద ఇంత పట్టుబట్టాలా అని ఎవరైనా అడగొచ్చు. నా మటుకు, ఆయన ఆలస్యంగా పట్టుబట్టాడనే అనిపిస్తుంది.

తర్వాతి గుమ్మం రెమింగ్టన్. జనవరి 8న ఆ కంపెనీ అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీని కలవడానికి వెళ్లి, ఆఫీసు బయట కూర్చుని ఎదురుచూస్తున్నాడు. అదే రోజు హార్ట్‌లీ గుండెపోటుతో చనిపోయాడు. లోపలికి పిలుపు రాలేదు, ఆ వార్త వచ్చింది. నలభై ఏడో ఏట అడుగుపెడుతున్న మనిషి, పాత కంపెనీతో తెగిపోయింది, కొత్త కంపెనీ తలుపు ఇలా మూసుకుంది. చేతిలో నమూనా తప్ప ఏమీ లేదు.

ఓడెక్కి బెల్జియం వెళ్లాడు. లీయేజ్ నగరం పక్కన హెర్స్టాల్‌లో ఉంది ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీ. బెల్జియం సైన్యానికి 1,50,000 మౌజర్ రైఫిళ్లు చేసివ్వడానికి 1889లో పుట్టిన సంస్థ అది. ఆ ఆర్డర్ తర్వాత పని కోసం వెతుక్కుంటున్న రోజుల్లో బ్రౌనింగ్ పిస్టలే దానికి ఊపిరి పోసింది. కాబట్టి అక్కడ ఆయన కొత్త మనిషి కాదు. 1902 మార్చిలో ఒప్పందం కుదిరింది, రాయల్టీ మీదే. పైగా మొదటి 10,000 తుపాకులకు ఆయనే ఆర్డర్ పెట్టాడు. అమెరికాలో అమ్ముకునే బాధ్యత తనదే. అంటే డిజైనర్ తన సరుకు మీద తానే పందెం కాశాడు. 1903లో తుపాకులు వచ్చాయి, అమ్ముడైపోయాయి కూడా. దిగుమతి సుంకాల బెడద రావడంతో అమెరికాలో తయారుచేసే హక్కు రెమింగ్టన్‌కే ఇచ్చాడు. ఎదురుచూపుల్లో అధ్యక్షుణ్ని పోగొట్టుకున్న ఆ కంపెనీయే 1905 నుంచి దాన్ని తయారుచేసింది. తర్వాత దాని పేరు మోడల్ 11 అయింది.

వించెస్టర్ పరిస్థితి చూడండి. తామే సాయం చేసి రాయించిన పేటెంట్ ఇప్పుడు తమకే గోడ అయింది. దాన్ని తప్పించుకుంటూ సొంత సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ చేయడానికి 1911 దాకా పట్టింది. బోల్ట్‌కి పిడి పెట్టడం కూడా బ్రౌనింగ్ పేటెంట్‌లోదే కాబట్టి, గొట్టాన్నే చేత్తో పట్టుకుని వెనక్కి లాగాల్సిన పద్ధతి పెట్టారు. కాగితం డొప్ప ఉబ్బి ఇరుక్కుంటే జనం బట్‌ని నేలకు ఆనించి, గొట్టాన్ని పై నుంచి కిందికి నొక్కేవారు, మొహానికి ఎదురుగా. ప్రమాదాలు జరిగాయి. దానికి విధవల్ని చేసే తుపాకీ అన్న అర్థం వచ్చే మారుపేరు స్థిరపడింది.

మనవడి చేతిలో

ఆటో-5 బెల్జియంలో, అమెరికాలో, చివరి దశలో జపాన్‌లో తయారై 1998 దాకా నడిచింది. అంతకాలం నడిచిన వస్తువు వారసత్వంగా రావడం సహజం. తుపాకీతో పాటు రావాల్సిన మాట మాత్రం రాదు. ఉక్కు రింగ్ సంగతి తాతకి తెలుసు. ఆయన ఆఖరిసారి బాతుల వేటకి వెళ్లొచ్చి బరువు తూటాల అమరికలోనే వదిలేశాడు. మనవడు కొన్నది రేంజ్‌లో వాడే తేలిక తూటాలు. బ్రేకు పూర్తిగా పట్టేసి ఉంది, గొట్టం చివరిదాకా రాలేదు, రెండో తూటా ఎక్కలేదు. మధ్యలో ఎవరో శుభ్రం చేద్దామని విప్పి, రింగుల వరస మర్చిపోయి, తోచినట్టు బిగించిన తుపాకులూ ఉంటాయి.

దీన్ని బాగుచేసేవాడు ముట్టుకునే ముందు చేయాల్సింది ఒకటే. గొట్టంలో, ట్యూబ్‌లో, రెండింటి మధ్యా తూటా లేదని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. పాత మోడళ్లలో సేఫ్టీ మీట ట్రిగ్గర్ గార్డ్ లోపల, ట్రిగ్గర్‌కి ముందే ఉంటుంది. దాన్ని నమ్ముకుని వేలు పెట్టడం ప్రమాదం. మన దగ్గరైతే ఆయుధ చట్టం కింద లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. రిపేరు కూడా లైసెన్స్ ఉన్న చోటే.

తర్వాత రింగుల వరస. తుపాకీ ఒంటి వైపు నుంచి గొట్టం చివరి వైపుకి చూస్తే, బరువు తూటాలకు ముందు స్ప్రింగ్, దాని మీద ఉక్కు రింగ్, దాని వాలు అంచుకి ఆనుకుని కంచు రింగ్, ఆ పైన గొట్టం రింగ్. తేలిక తూటాలకు ముందు ఉక్కు రింగ్, తర్వాత స్ప్రింగ్, తర్వాత కంచు రింగ్. పన్నెండు బోర్ మామూలు మోడల్‌కి ఇది. మ్యాగ్నమ్ మోడల్‌లో కంచు రింగులు రెండు ఉంటాయి, కాబట్టి ముందు మోడల్ ఏదో చూసుకోవాలి. అనుమానం ఉంటే బరువు తూటాల అమరికతో మొదలుపెట్టడం మేలు. అలా పెట్టి తేలిక తూటా పేలిస్తే మహా అయితే ఇరుక్కుంటుంది. తేలిక అమరికలో బరువు తూటాలు పేలిస్తే ముందు చెక్క పగులుతుంది. పాత ఆటో-5ల ముందు చెక్కల్లో కనిపించే పగుళ్లలో చాలావాటికి కారణం ఇదే.

ట్యూబ్ మీద నూనె ఇంకో చిక్కు. తుప్పు పట్టకూడదని ప్రేమగా పూసిన నూనె బ్రేకుకి శత్రువు. సైకిల్ రిమ్‌కి నూనె రాస్తే ఏమవుతుందో ఇక్కడా అంతే. తుడిచి, పలచటి పొర మాత్రం మిగల్చాలి. దీనికి సరిగ్గా ఎదురు సమస్య వెనక బట్ లోపల దాగిన స్ప్రింగ్‌ది. దాన్ని దశాబ్దాల పాటు ఎవరూ చూడరు. లోపలికి జారిన నూనె జిగురులా గట్టిపడుతుంది, చెమ్మకి తుప్పు చేరుతుంది. బోల్ట్ ముందుకు రావడం మందగిస్తుంది. మనవడు రింగుల్ని వంద రకాలుగా మార్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే జబ్బు వెనక ఉంది. పెద్ద స్ప్రింగ్ కూడా ఏళ్ల తరబడి నొక్కుడు తిని పొట్టిదవుతుంది. ఈ స్ప్రింగులకు కొత్తవి దొరుకుతాయి, ఖరీదు పెద్దది కాదు. లోపల వెనక గోడకి బోల్ట్ దెబ్బని తట్టుకునే ఫైబర్ ముక్క ఒకటి ఉంటుంది. అది ఎండి రాలిపోయిందేమో కూడా చూడాలి.

స్క్రూల దగ్గర తొందర పనికిరాదు. వాటి గాళ్లు చాలా సన్నం, మామూలు స్క్రూడ్రైవర్ మందం దూరదు, జారి అంచులు చెక్కేస్తుంది. పైగా కొన్ని పెద్ద స్క్రూలు కదలకుండా పక్కనే చిన్న తాళం స్క్రూలు ఉంటాయి. చిన్నదాన్ని తీయకుండా పెద్దదాన్ని తిప్పితే రెండూ పాడవుతాయి. ఇది గాడికి సరిపడేలా మొన అరగదీసిన స్క్రూడ్రైవర్లున్న గన్‌స్మిత్ పని.

అన్నిటికంటే ముఖ్యమైనది తూటా పొడవు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు బెల్జియంలో చేసిన పదహారు బోర్ తుపాకుల్లో చాలావాటి గది 65 మిల్లీమీటర్లకే చేశారు. ఇప్పుడు దుకాణంలో దొరికే తూటా 70 మిల్లీమీటర్లది. అది లోపల పట్టినట్టే ఉంటుంది, పేలి విచ్చుకునేటప్పుడు చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది, డొప్ప ఇరుక్కుంటుంది. ఇక్కడ రింగుల తప్పేం లేదు. గది పొడవు కొలిపించకుండా అలాంటి తుపాకీ పేల్చకూడదు. అలాగే పాత బెల్జియం గొట్టాల్లో ఉక్కు రవ్వల తూటాలు వాడకూడదు, గొట్టం చెడుతుంది.

ఇవన్నీ అయ్యాక మందు లేని డమ్మీ తూటాలతో చేత్తో నడిపి చూస్తారు. ఆ తర్వాత రేంజ్‌లో రెండే తూటాలు నింపి మొదలుపెడతారు. డొప్ప బారెడు దూరం ఎగిరిపడుతూ, భుజానికి రెండు దెబ్బలు తగిలినట్టు ఉంటే బ్రేకు వదులని అర్థం. డొప్ప గుమ్మంలోనే నిలబడిపోతే బిగువని.

లీయేజ్‌లో ఆఖరి రోజులు

బ్రౌనింగ్ పేరు దేశాలు దాటింది. ఫ్రెంచ్‌లో పిస్టల్‌నే బ్రౌనింగ్ అనేంతగా. 1914 ప్రారంభంలో ఎఫ్‌ఎన్ పదిలక్షల పిస్టల్ పండగ చేసుకుంది, బెల్జియం రాజు ఆయన్ని బిరుదుతో సత్కరించాడు. అదే ఏడాది జూన్‌లో సరయెవోలో ఆస్ట్రియా యువరాజుని చంపింది ఆయన డిజైన్ చేసిన ఎఫ్‌ఎన్ 1910 పిస్టలే. యుద్ధం వచ్చింది, కొన్ని వారాలకే జర్మన్ సైన్యం లీయేజ్‌లోకి వచ్చింది. ఆయన మెషిన్‌గన్‌లు, ఆటోమేటిక్ రైఫిల్ అమెరికా సైన్యానికి వెళ్లాయి. 1917 పరీక్షలో ఆయన మెషిన్‌గన్ 20,000 తూటాలు ఆగకుండా కాల్చింది. వించెస్టర్ దగ్గర రాయల్టీ కోసం తెగించిన మనిషి, తన ప్రభుత్వం దగ్గర మాత్రం రాయల్టీ వదులుకుని మొత్తానికి 7,50,000 డాలర్లకు ఒప్పుకున్నాడు. రాయల్టీ లెక్క కడితే దానికి ఎన్నో రెట్లు వచ్చేది. ఆయన పనిలో ఎంత తెలివి ఉందో అంత చావు కూడా ఉంది. ఆయన గురించి రాసేవాళ్లు రెండోదాన్ని దాటేస్తుంటారు, అది సరి కాదు.

1926 నవంబర్ 26న, లీయేజ్‌లోని ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ అస్వస్థతకు గురై, కొడుకు వాల్ ఆఫీసు గదిలో గుండె ఆగి చనిపోయాడు. వయసు 71. అప్పటికి బల్ల మీద ఉన్నది ఇంకో షాట్‌గన్, ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండే సూపర్‌పోజ్డ్. మిగిలిన పనిని వాల్ తీసుకున్నాడు. తుపాకీ 1931లో అమ్మకానికి వచ్చింది. రెండు గొట్టాలకూ కలిపి ఒకే ట్రిగ్గర్ పనిచేసే ఏర్పాటుని ఆ తర్వాతి ఏళ్లలో వాల్ పూర్తిచేశాడు.